ఇల్లు లేనివారి కోసం ఊరి చర్చి సంఘం క్లినిక్ నడపడం ఎలా

నిరాశ్రయుల వసతి గృహాల పథకం పట్టణాలకే. మండల కేంద్రంలో బస్టాండు అరుగు మీద, సంత షెడ్డులో, గుడి మెట్ల దగ్గర, దర్గా గోడవార, చర్చి గేటు ముందు పడుకునేవాళ్ళు ఎవరి జాబితాలోనూ ఉండరు. పిల్లలు వదిలేసిన ముసలివాళ్ళు, మతిస్థిమితం తప్పి ఎక్కడినుంచో నడిచొచ్చినవాళ్ళు, కుష్టు నయమైనా పాదాల పుండ్లు మిగిలినవాళ్ళు, పని ముగిశాక సొంతూరికి వెళ్ళలేకపోయిన ఇటుక బట్టీ కూలీలు అక్కడ ఉంటారు. వీళ్ళకు వైద్యం చేయాలనుకునే సంఘం మొదట మందుల గురించి ఆలోచిస్తుంది. మందులు ఎలాగోలా దొరుకుతాయి. అదే మనిషి వచ్చే వారం మళ్ళీ దొరకడమే కష్టం. కింద చెప్పే ఏర్పాట్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క కష్టం కోసమే.

రోజు, చోటు, మనుషులు

ఆదివారం ఆరాధన తర్వాత పెట్టుకుందామని చాలామంది అనుకుంటారు. వద్దు. ఆదివారం పీహెచ్‌సీలో ఓపీ ఉండదు, ల్యాబ్ ఉండదు, ఎవరినైనా పంపాలంటే దారి ఉండదు. మంగళవారమో గురువారమో ఎంచుకోండి. పొద్దున 7 నుంచి 9 వరకు చాలు. అంతకంటే ఆలస్యమైతే కూలికో అడుక్కోవడానికో వెళ్ళిపోతారు. 9కి ముగిస్తే, పెద్దాసుపత్రికి పంపాల్సినవాళ్ళను అదే పూట ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్ళి చీటీ రాయించవచ్చు. ఒకసారి పెట్టిన రోజునూ చోటునూ వానొచ్చినా పండగొచ్చినా మార్చకండి. డాక్టరుగారు రాని వారం కూడా నర్సు వెళ్ళి కట్లు మార్చి రావాలి. క్యాలెండరు చూడని మనుషులు రెండు వారాలు వచ్చి ఎవరూ లేక వెనుదిరిగితే మూడో వారం రారు.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు ఒకరు, నర్సు ఒకరు, మందులిచ్చే ఫార్మసిస్టు, రిజిస్టరు రాసేవారు, వరుస చూసుకునే ఇద్దరు ఉండాలి. కనీసం ఒక స్త్రీ తప్పనిసరి. సంఘంలో ఆర్ఎంపీ (వైద్య డిగ్రీ లేని ఊరి డాక్టరు) ఉంటే మంచి మనసుతో ముందుకొస్తారు. ఆయనకు ఊరందరూ తెలుసు కాబట్టి మనుషులను వెతికే పని అప్పగించండి, సూది మాత్రం ఇవ్వనివ్వకండి. మొదలుపెట్టే ముందే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో అడిగి, అవసరమైన రిజిస్ట్రేషన్ పూర్తిచేయండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగారిని, ఏఎన్ఎంను, ఎస్ఐగారిని వెళ్ళి కలవండి. విదేశాల్లో ఉన్న బంధువులు, సంఘాలు డబ్బు పంపుతామంటే జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. ఎవరి డబ్బు ఆ కిందికి వస్తుందో ఆడిటరును అడిగాకే ముట్టుకోండి.

రిజిస్టరు

చిరునామా గడిలో "లేదు" అని రాస్తే ఆ మనిషి పోయినట్టే. దాని బదులు నాలుగు విషయాలు రాయండి: రాత్రి ఎక్కడ పడుకుంటారు, పొద్దున టీ ఎక్కడ తాగుతారు, ఏ భాష మాట్లాడతారు, ఆచూకీ ఎవరిని అడగాలి. ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు తెలుగు అంతంత మాత్రమే, ఒడియా వచ్చినవారిని ముందే చూసుకోండి. చిన్న కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి. అది తడుస్తుంది, పోతుంది, అందుకే నకలు మీ దగ్గర ఉండాలి. కార్డు మీద టీబీ, కుష్టు, హెచ్ఐవీ లాంటి పేర్లు రాయొద్దు, గుర్తు నంబరు చాలు. ఫొటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఇక్కడ అక్షరాలా పాటించాల్సిందే.

సంచీలో ఏముండాలి

ముప్పై మందికి లెక్క: సెలైన్ అర లీటరు సీసాలు 10, శుభ్రమైన గాజుగుడ్డ ముక్కలు 100, నాలుగంగుళాల రోలర్ బ్యాండేజీలు 40, బెటాడిన్, చేతి తొడుగులు 100, నెయిల్ కట్టర్లు 3, ఓఆర్ఎస్ పొట్లాలు 30, పారాసెటమాల్ 500 మి.గ్రా., గజ్జికి రాసే 5 శాతం పర్మెత్రిన్ క్రీము, బీపీ మిషను, షుగరు మిషను, థర్మామీటరు, ఆక్సిమీటరు. షుగరు స్ట్రిప్పులు ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే తప్పు అంకెలు చూపిస్తాయి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వీధిలో పడుకునేవారి దగ్గర అది నిలవదు కాబట్టి డాక్టరు ముందే వేరే దారి ఆలోచించాలి. సంఘస్థులు ఇంట్లో మిగిలిన మాత్రలు తెచ్చి కానుక పెట్టెలో వేస్తారు. ప్రేమతో ఇచ్చినవే అయినా వాడకండి. స్ట్రిప్పు కత్తిరించాక గడువు తేదీ తెలియదు, ఎక్కడ నిల్వ ఉన్నాయో తెలియదు.

చెత్త విషయంలో ఆసుపత్రి వ్యర్థాల 2016 నిబంధనలే దారి. రక్తం, చీము అంటిన కట్లు పసుపు సంచీలోకి, తొడుగులు, సూది తీసిన సిరంజీలు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్ళాలి. చర్చి వెనక తగలబెట్టకూడదు. పీహెచ్‌సీ ద్వారానో నేరుగానో చెత్త సేకరించే కేంద్రంతో ఒప్పందం చేసుకోండి.

"సూది వేయండి, గ్లూకోజు బాటిల్ ఎక్కించండి" అని అడగనివారు ఉండరు. నీరసానికి బాటిల్ పని చేయదని ప్రతి వారం ఓపిగ్గా చెప్పాలి. దాని బదులు ఒక గుడ్డు, వేడి అన్నం పెట్టండి. చాలామంది నీరసానికి మూలం అక్కడే ఉంటుంది.

పుండు, గజ్జి, దగ్గు

పాదం పుండు ముందు కూర్చుంటే తొందర పనికిరాదు. పాత కట్టు ఎండి అంటుకుపోయి ఉంటుంది, లాగితే కొత్తగా పుట్టిన కండ ఊడొస్తుంది. సెలైన్ పోసి ఐదు నిమిషాలు నాననిచ్చి, అంచుల నుంచి మెల్లగా విప్పండి. ధారగా సెలైన్ పోసి కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడు, స్పిరిటు పోయొద్దు, అవి బతికున్న కణాలనూ చంపుతాయి. పురుగులు పట్టి ఉంటే టర్పెంటైన్ నూనెలో ముంచిన దూదిని పుండు మూతి దగ్గర కాసేపు ఉంచితే అవి పైకి వస్తాయి, అప్పుడు ఫోర్సెప్స్‌తో తీయాలి. ఇది డాక్టరో నర్సో చేయాల్సిన పని. ఒక్కరోజులో అన్నీ రావు, మర్నాడు మళ్ళీ చూడాలి. పుండ్లున్నవారికి వారానికొక కట్టు చాలదు కాబట్టి వారం మధ్యలో ఇద్దరు వెళ్ళి మార్చి రావాలి.

కుష్టు వచ్చిన పాదం కుళ్ళిపోవడానికి కారణం స్పర్శ లేకపోవడమేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. నొప్పి తెలియదు కాబట్టి ముల్లు గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటారు. అందుకే కట్టుతోపాటు ఎంసీఆర్ చెప్పులు (అడుగున మెత్తని రబ్బరు ఉన్నవి) కావాలి. రోజూ పాదం నీళ్ళలో నానబెట్టి, గట్టిపడిన చర్మం మెల్లగా గీకి, నూనె రాసుకోవడం దగ్గరుండి నేర్పండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915 నుంచి మిషన్ కుష్టు ఆసుపత్రి చేసిన సేవలాంటిదే మీ చిన్న క్లినిక్‌లోనూ చేయొచ్చు: ఎవరూ ముట్టుకోని పాదాన్ని చేతిలోకి తీసుకుని చూడటం.

గజ్జికి క్రీము చేతిలో పెట్టి పంపితే వృథా. పెద్దవారికి ఒకసారికి సుమారు 30 గ్రాములు కావాలి, మెడ నుంచి అరికాలి దాకా, గోళ్ళ కింద, తొడల మధ్య కూడా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. వీధిలో స్నానం ఎక్కడ? అందుకని ఆ సాయంత్రం చర్చి హాలు తెరవండి. క్రీము రాసి అక్కడే పడుకోబెట్టి, పొద్దున స్నానం చేయించి, ఉతికిన బట్టలివ్వండి. పాత బట్టలు, దుప్పటి ప్లాస్టిక్ సంచీలో కట్టి వారం ఉంచండి. ఒకే అరుగు మీద పడుకునేవాళ్ళందరికీ అదే రాత్రి రాయాలి. వారం తర్వాత ఇంకోసారి.

రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్షకు పంపండి. అలాంటివారిని ఆరుబయట కూర్చోబెట్టి, గాలి మీ వీపు వైపు నుంచి వారి వైపు వీచేలా కూర్చోండి. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, సాధారణ టీబీకి ఆరు నెలలు వాడాలి. వీధిలో మాత్రల డబ్బా దొంగతనమవుతుంది, వానకు తడుస్తుంది. రోగి ఒప్పుకుంటే టీ కొట్టాయన దగ్గర ఉంచి, రోజూ ఆయన ముందే మింగేలా ఏర్పాటు చేయొచ్చు. పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, కాబట్టి జబ్బు తేలిన వారమే ఆధార్, ఖాతా పని మొదలుపెట్టండి.

ప్రార్థన ఎప్పుడు, ఎలా

గుడ్డివాడైన బర్తిమయిని యేసు ముందు అడిగింది నీకేం కావాలనే. మీరూ అడగండి. వైద్యం పూర్తయి, మందులు చేతికిచ్చాక, ఒక్కసారి: "అమ్మా, మీ కోసం ప్రార్థన చేయమంటారా?" వద్దంటే సరేనని నవ్వి, వచ్చే వారం రమ్మనండి. వరుసలో నిలబడినవారికి వాక్యం చెప్పడం, మందు కవరులో కరపత్రం పెట్టడం చేయొద్దు. మందు కావాలంటే వినక తప్పదని అనిపిస్తే వాళ్ళు చెప్పే "సరే"కి అర్థం ఉండదు, అలా పుట్టిన విశ్వాసం దేవునికి మహిమ తీసుకురాదు. తామెక్కడున్నామో తెలియని స్థితిలో ఉన్నవారి మీద చేతులుంచి గట్టిగా ప్రార్థించడం కూడా వద్దు. ప్రార్థన నూనె నుదుటికే, పుండుకు రాయకూడదు.

అన్నిటికంటే ప్రమాదం "స్వస్థత వచ్చింది, మాత్రలు మానేయండి" అనే మాట. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. టీబీ మందు మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది. సభలో స్వస్థత సాక్ష్యం చెప్పించేవారికి, పాస్టరుగారితో సహా, ఇది ముందే స్పష్టంగా చెప్పండి.

తాగుడు సంగతీ అంతే. "ఈ రాత్రే మానేస్తానని ప్రభువు ముందు ఒట్టు పెట్టు" అనకండి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే రెండు రోజుల్లోపు ఫిట్స్, మూడో రోజు ప్రాంతంలో పిచ్చిచూపులు, ఒళ్ళు వణకడం వచ్చి చనిపోవచ్చు. తెలంగాణలో ఆల్ప్రజోలాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవారికీ ఇలాగే అవుతుంది. దాన్ని దయ్యం పట్టిందని పొరబడతారు. పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయా, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా అని అడగండి. అవునంటే ఆసుపత్రిలో చేర్చాకే మాన్పించాలి. మానాక వారితో కూర్చుని ప్రార్థించడానికి ఏళ్ళున్నాయి.

మతిస్థిమితం లేక తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యకేంద్రానికి చేర్చడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసుల బాధ్యత. స్టేషనుకు ఆ చట్టంలోని 100వ సెక్షను రాసుకుని వెళ్ళండి. సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోను చేయొచ్చు.

ఎవరైనా రాకపోతే

ఒక వారం రాకపోతే అదే రోజు టీ కొట్టు దగ్గర అడగండి. రెండో వారమూ రాకపోతే పీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి, పోలీస్ స్టేషను, పక్క మండలం బస్టాండు, ఆ వరుసలో వెతకండి. ఈ పని ఒక్క మనిషి పేరున ఉండాలి. పాస్టరుగారికి బదిలీ అయితే ఆగిపోకుండా ముగ్గురు సంఘపెద్దల కమిటీకి రిజిస్టరు అప్పగించండి. ముసలివారిని, జబ్బు ముదిరినవారిని ముందే నెమ్మదిగా అడిగి రాసుకోండి: చివరికి ఎవరికి కబురు పెట్టాలి, ఏ పద్ధతిలో సాగనంపాలి. చనిపోయిన చోటు రోడ్డు అయితే శరీరాన్ని కదపకుండా పోలీసులకు చెప్పండి. పంచనామా అయ్యాక, వారు హిందువులైతే హిందువులుగా, ముస్లింలైతే ముస్లింలుగా సాగనంపే ఖర్చు క్లినిక్ నిధి నుంచే పెట్టండి.