పోస్ట్‌గ్రెస్ సర్వర్ మెమరీ చాలక పడిపోతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: రోజంతా బాగానే నడిచే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ నెలాఖరు రిపోర్టులు తీసే వేళకి అందరి కనెక్షన్లూ ఒక్కసారిగా తెంపేస్తుంది. యాప్‌లో "డేటాబేస్ సిస్టమ్ ఈజ్ ఇన్ రికవరీ మోడ్" అని ఎర్రర్. కాసేపటికి దానంతటదే లేస్తుంది, మళ్లీ పడుతుంది.

ముందు పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో "టెర్మినేటెడ్ బై సిగ్నల్ 9" అని ఉందేమో వెతకండి. అదే సమయానికి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" కూడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ర్యామ్ అయిపోయి లినక్సే ఆ ప్రాసెస్‌ని చంపింది. చచ్చింది ఒక్క ప్రాసెసే అయినా, అన్నీ కలిసి వాడుకునే షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌గ్రెస్ మిగతావాటినీ ఆపేసి రికవరీకి వెళ్తుంది. అందుకే అందరికీ దెబ్బ.

కారణం: చాలామంది షేర్డ్_బఫర్స్‌ని (డేటాని ర్యామ్‌లో ఉంచుకునే ఉమ్మడి చోటు సైజు) అనుమానిస్తారు. ర్యామ్‌లో నాలుగో వంతు ఇచ్చి ఉంటే దాని జోలికి వెళ్లకండి. అసలు దొంగ ఎక్కువసార్లు వర్క్_మెమ్ అనే సెట్టింగ్. అది సర్వర్ మొత్తానికీ కాదు, కనెక్షన్‌కీ కాదు. క్వెరీలోని ఒక్కో సార్ట్‌కి (వరుసలో పేర్చడం), ఒక్కో హ్యాష్‌కి (వేగంగా వెతకడానికి మెమరీలో కట్టే పట్టిక) విడివిడిగా వర్తించే పరిమితి. పైగా వెర్షన్ 15 నుంచి హ్యాష్‌కి దీనికి రెట్టింపు దాకా వాడుకునే వీలుంది.

8 జీబీ మెషీన్‌లో వర్క్_మెమ్ 64 ఎంబీ పెట్టారనుకుందాం. రెండు సార్ట్‌లు, ఒక హ్యాష్ ఉన్న రిపోర్టు 256 ఎంబీ దాకా తినగలదు. అలాంటివి 20 ఒకేసారి నడిస్తే 5 జీబీ. షేర్డ్_బఫర్స్ 2 జీబీ కలిపితే 7. ఒకే క్వెరీని పంచుకుని నడిపే పారలల్ వర్కర్లు వస్తే ఇంకా పెరుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మిగిలేదేముంది?

పరిష్కారం: ర్యామ్ కొనే ముందు వర్క్_మెమ్‌ని 8 ఎంబీకి దించి రీలోడ్ చేయండి, రీస్టార్ట్ అవసరం లేదు. పెద్ద రిపోర్టులు నడిపే యూజర్‌కి మాత్రం ఆల్టర్ రోల్ కమాండ్‌తో విడిగా పెంచండి. లాగ్_టెంప్_ఫైల్స్ సెట్టింగ్ 0 పెడితే ఏ క్వెరీ మెమరీ చాలక డిస్క్ మీదకి ఎంత పోస్తోందో లాగ్‌లో తెలిసిపోతుంది; ఎవరికి ఎంత ఇవ్వాలో దాన్ని చూసి తేల్చుకోండి.

తర్వాత మ్యాక్స్_కనెక్షన్స్, అంటే ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చనే పరిమితి. యాప్ 500 అడుగుతోందని 500 ఇవ్వకండి. మధ్యలో పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్) పెట్టి, అసలు కనెక్షన్లు కొద్దిగానే ఉంచండి. మ్యాక్స్_కనెక్షన్స్ మార్చితే మాత్రం రీస్టార్ట్ తప్పదు.

డేటాబేస్‌కే కేటాయించిన మెషీన్ అయితే కెర్నల్‌లో ఓవర్‌కమిట్_మెమరీని (ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీ ఇస్తానని ఒప్పుకోవాలా వద్దా అనే సెట్టింగ్) 2 చేయండి. అప్పుడు మెమరీ చాలకపోతే అడిగిన క్వెరీకే ఎర్రర్ వస్తుంది, మిగతావాళ్ల పని సాగిపోతుంది. కానీ ఓవర్‌కమిట్_రేషియో (ర్యామ్‌లో ఎంత శాతం దాకా ఇవ్వొచ్చో చెప్పేది) మామూలుగా 50 ఉంటుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) లేని 8 జీబీ మెషీన్‌లో అలాగే వదిలేస్తే 4 జీబీ దగ్గరే ఆగిపోతారు, కాబట్టి 80 దాకా పెంచండి.

ఇంకా వెర్షన్ 12 గానీ అంతకు ముందుది గానీ వాడుతుంటే, ఇవన్నీ చేసినా హ్యాష్ అగ్రిగేట్ (గ్రూపులవారీగా లెక్కలు కట్టే హ్యాష్) వర్క్_మెమ్ దాటిపోగలదు. అది మెమరీ మించితే డిస్క్‌కి వెళ్లడం వెర్షన్ 13లోనే వచ్చింది. అక్కడ అప్‌గ్రేడ్ చేయడమే మేలు.