వానలు మొదలయ్యేలోపు హీలియం డ్యూవర్ దగ్గర జాగ్రత్తలు

ఈ మధ్య నగరంలోని ఒక ల్యాబులో డ్యూవర్ (ద్రవ హీలియం ఉంచే థర్మాస్ లాంటి పాత్ర) మెడ మంచుతో మూసుకుపోయి, పీడనం మితిమీరితే పగిలేలా పెట్టే రప్చర్ డిస్క్ పగిలిందట. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. హైదరాబాద్‌లో శాటిలైట్ డిటెక్టర్లను సూపర్‌ఫ్లూయిడ్ హీలియంతో (రాపిడి లేకుండా పారే అతిచల్లని ద్రవంతో) చల్లబరిచి పరీక్షించేవాళ్లు జూన్ రాకముందే ఇది చదవండి. గ్లవ్స్, ఫేస్ షీల్డ్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

పంపు: మామూలు పీడనం దగ్గర హీలియం 4.2 కెల్విన్‌లో మరుగుతుంది. ఆవిరిని పంపుతో లాగుతూ 2.17 కిందికి దించితేనే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుంది. అప్పుడు లోపలి పీడనం బయటి గాలిలో ఇరవయ్యో వంతు ఉంటే గొప్ప. అందుకే ఎక్కడ సందున్నా గాలే లోపలికి పోతుంది. అందులోని తేమే కాదు, నైట్రోజన్, ఆక్సిజన్ కూడా మెడలో గడ్డకడతాయి. ఆ తర్వాత డ్యూవర్ వేడెక్కితే లీటరు ద్రవం దాదాపు 750 లీటర్ల వాయువు అవుతుంది. పోవడానికి దారి ఉండదు.

నేను చూసినంతలో కొంప ముంచేది ఒక్కటే: వానకి కరెంటు పోయి పంపు ఆగగానే కంగారుపడి పంపు లైను విప్పడం. చల్లగా ఉన్న డ్యూవర్‌ని గాలికి తెరవకండి. ముందు హీలియం వాయువు నింపండి, లోపలి పీడనం బయటిదాన్ని కాస్త దాటాకే విప్పండి. సూపర్‌ఫ్లూయిడ్‌లో వేడి క్షణాల్లో పాకిపోతుంది కాబట్టి బుడగలు రావు, చూడ్డానికి నిమ్మళంగా ఉంటుంది. దాన్ని చూసే చాలామంది మోసపోతారు.

అంతరిక్షంలో గాలి బెడద లేదు. ద్రవాన్ని ఆపి ఆవిరిని మాత్రం వదిలే పోరస్ ప్లగ్‌తో హెర్షెల్ టెలిస్కోపు 2009 నుంచి 2013 ఏప్రిల్ దాకా నడిచింది. అక్కడా ఆవిరి దారి తప్పితే అంతే. జపాన్ ఉపగ్రహం సుజాకు 2005 జులై 10న ఎగిరింది, ఆవిరి డ్యూవర్ చుట్టూ గాలి లేకుండా ఉంచే వాక్యూమ్ జాకెట్‌లోకి చేరి ఆగస్టు 8కల్లా హీలియమంతా పోయింది.

లీక్ టెస్ట్: వెచ్చగా ఉన్నప్పుడు పాసైందని నమ్మొద్దు. మామూలు హీలియం దూరలేని సందుల్లోంచి సూపర్‌ఫ్లూయిడ్ దూరిపోతుంది.

ఇక మిగతావి. కరెంటు పోతే పంపు లైనును దానంతటదే మూసే వాల్వ్ ఉందో లేదో ఈ వారమే చూడండి. జనరేటర్ ఉందిలే అనొద్దు. పీడనం పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్‌కి టేపు చుట్టొద్దు. ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం పైకప్పు దగ్గర కూడా ఉండాలి, హీలియం పైకే పోతుంది. 19.5 శాతానికి దిగిందా, అన్నీ వదిలేసి బయటికి. లిఫ్టులో డ్యూవర్ ఒక్కటే వెళ్లాలి, మనిషి ఎక్కకూడదు. రాత్రి ఒంటరిగా పనిచేయొద్దు. మెడలో మంచు పట్టిందని అనుమానమొస్తే రాడ్డుతో పొడవొద్దు, పైనుంచి తొంగిచూడొద్దు, గది ఖాళీ చేయించి సేఫ్టీ ఇన్‌చార్జిని పిలవండి. మళ్లీ చెబుతున్నా, చల్లగా ఉన్నదాన్ని గాలికి తెరవకండి. ఒక్క నిమిషానికి కూడా.