గాలివానకు ముందు అరటి తోటలో

అరటిని చెట్టు అనడం మన అలవాటే గానీ అందులో కలప అన్నది లేదు. కాండంలా కనిపించేది ఒకదానిపై ఒకటి చుట్టుకున్న ఆకు డొప్పలు. అసలు కాండం నేలలోని దుంప. దాని నుంచే పూకాడ డొప్పల నడుమగా పైకొచ్చి, పాతిక కిలోల గెలనైనా పక్కకి వేలాడదీస్తుంది. వేళ్లేమో చాలావరకు పై అడుగు, అడుగున్నర మట్టిలోనే. గెల దిగిన చెట్టే ముందుగా ఒరగడానికి కారణం ఇదే.

అందుకే గాలులు మొదలవకముందే పోట్లు పెట్టాలి. రెండు వెదురు గడలను కొసల దగ్గర కత్తెరలా కట్టి, గెల వంగిన వైపు నుంచి చెట్టు మెడ కింద ఆనించాలి. గడ గెలకు రాసుకుంటే కాయలు నల్లబడతాయి. తాడు వాడేవాళ్లు వంగినదానికి ఎదురు దిక్కుకు లాగి కట్టాలి. తాడు కింద గోనెపట్టా ముక్క వేయకపోతే డొప్పలు కోసుకుపోతాయి. కట్టాక చేత్తో ఒకసారి ఊపి చూడండి, నేను చూడకుండా వదలను.

మొదళ్లకు మట్టి ఎగదోయాలి, లోతుగా మాత్రం తవ్వొద్దు, వేళ్లు తెగుతాయి. మురుగు కాలువలు ముందే తీసి ఉంచాలి. నీరు నిలిస్తే వేళ్లకు గాలాడక కుళ్లుతాయి. గాలి రేపు వస్తుందనగా ఇవాళ తడి పెట్టడం మరీ పొరపాటు, నానిన నేల వేళ్లను పట్టి ఉంచదు.

గాలికి ఆకులు చీలికలైతే కంగారు పడకండి. చీలిన ఆకు గాలిని వదిలేస్తుంది, చెట్టుకు అది మేలే. ఎండి వేలాడేవి కోసేయండి. పచ్చివాటి జోలికి పోవద్దు, గెల ఊరాలంటే కనీసం ఎనిమిది మంచి ఆకులు కావాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గాలికంటే పెద్దది. కింది ఆకులు పసుపెక్కి, మొదలు దగ్గర విరిగి వేలాడుతూ, కాండం కోస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే అది పనామా తెగులు కావచ్చు. దాని శిలీంధ్రం మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది, మందుతో పోదు. ఒకప్పటి ప్రధాన ఎగుమతి రకం గ్రోస్ మిషెల్ 1960ల నాటికి తోటల్లోంచి దాదాపు తప్పుకున్నది దీనివల్లే. ఆ మడి వాననీరు పక్క మడిలోకి పారకుండా గట్టు వేయండి. కత్తి, పార, చెప్పులు మట్టి లేకుండా కడిగాకే బయటికి రండి. అక్కడి పిలకలు ఎవరికీ ఇవ్వొద్దు.

ప్రతి మొదట్లో సన్నని ఆకుల సూది పిలక ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. తల్లి విరిగితే దాన్ని నిలబెట్టాలని చూడొద్దు. గెల ముదిరి ఉంటే కోసుకుని, కాండం నరికేస్తే దుంపలోని సత్తువ పిలకకు అందుతుంది.