గోడలోని తేనెటీగలను పెట్టెలోకి మార్చడం – నాలుగో పాఠం: పట్టు కోత

గోడలో ఉన్నవి తేనెటీగలేనని ఎలా నిర్ధారించుకోవాలో, ఏయే పనిముట్లు దగ్గర ఉంచుకోవాలో, గోడను తట్టి, చెవి ఆనించి విని తుట్టె ఎంతవరకు వ్యాపించిందో సుద్దముక్కతో ఎలా గీసుకోవాలో మొదటి మూడు పాఠాల్లో చూశాం. ఈ పాఠం గోడ తెరవడంతో మొదలై, రాత్రి పెట్టె ద్వారం మూయడంతో ముగుస్తుంది. మొత్తం పనిలో ఎక్కువ ఓర్పు అడిగే భాగం ఇదే కాబట్టి, తొందర లేని రోజున, ఎండ కాసి గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు, ఉదయం కొంత పొద్దెక్కిన తరువాత మొదలుపెట్టండి. ఆ వేళకు మేతకు వెళ్లే ఈగలు చాలావరకు బయట ఉంటాయి కనుక గోడలో రద్దీ తగ్గుతుంది.

పాఠమంతటికీ ఆధారమైన విషయాన్ని ముందే చెబుతాను. తేనెటీగల కాపురాన్ని ఒకచోట నిలిపి ఉంచేది పిల్లలు. గుడ్లు, వాటి నుంచి వచ్చిన పిల్ల పురుగులు, మూత వేసిన గదుల్లో ఈగలుగా మారుతున్న ప్యూపాలు ఉన్న పట్టు (మైనపు గదుల పలక) ఎక్కడ ఉంటే కూలి ఈగలు అక్కడికే చేరి, దాన్ని కప్పుకుని వెచ్చగా ఉంచుతాయి. కాబట్టి మనం తరలిస్తున్నది పిల్లల పట్టునని, ఈగలు దాని వెంట వస్తాయని అనుకుని పని చేయాలి. ఇది మనసుకు ఎక్కితే ఏది ముందు కోయాలి, ఏది జాగ్రత్తగా పట్టుకోవాలి, ఏది పక్కన పెట్టేయవచ్చు అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

గోడ తెరిచే ముందు ఆ భాగానికి వెళ్లే కరెంటును మెయిన్ స్విచ్ దగ్గరే ఆపేయండి. ముసుగు, చేతి తొడుగులు ధరించండి. ఇంట్లోవారిని, పెంపుడు జంతువులను దూరంగా పంపండి. తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం వంటివి ఒక్కసారైనా జరిగినవారు ఈ పనికి పూనుకోకూడదు, దగ్గర నిలబడి సాయం కూడా చేయకూడదు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

పొగ డబ్బాతో, ఈగలు గోడలోకి వెళ్లివచ్చే ద్వారం దగ్గర రెండు మూడు సార్లు చల్లని, తెల్లని పొగ ఊది, రెండు మూడు నిమిషాలు ఆగండి. కాపలా ఈగలు ప్రమాదం వచ్చిందని ఒకదానికొకటి చెప్పుకునే వాసన, మాగిన అరటిపండు వాసనను పోలి ఉంటుంది. పొగ దాన్ని కప్పేస్తుంది. పొగ తగిలిన ఈగలు తేనె తాగి కడుపు నింపుకుంటాయి, అందువల్ల కూడా కొంత శాంతిస్తాయి. అయితే పొగ ఎక్కువైతే రాణి భయపడి గోడ బోలులో మనకు అందని మూలకు వెళ్లిపోతుంది. నేను చూసినంతలో కొత్తవారు చేసే తప్పు పొగ తక్కువ ఊదడం కాదు, ఎక్కువ ఊదడమే.

సుద్దగీత వెంబడి పైపలకను కోసేటప్పుడు రంపపు పన్ను పలక మందాన్ని దాటి లోపలికి పోకుండా చూసుకోండి. ఇటుక గోడ అయితే గీతకు ఒక చివర నుంచి ఒక్కో ఇటుకను సడలించి తీయండి. పలకను ఒక్క ఊపున లాగకూడదు. పట్టులు తరచుగా దాని వెనక వైపుకు అతుక్కుని ఉంటాయి కనుక, కొద్దిగా సందు చేసి పొడవాటి పలుచని చాకును లోపలికి జరిపి, అతుకులను తెగ్గోసిన తరువాతే పలకను మెల్లగా బయటికి తీయాలి.

పలక తీశాక వెంటనే కోతకు దిగకండి, కాసేపు చూడండి. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా వేలాడే మైనపు పలకలు కనిపిస్తాయి. ఈ పాఠాల్లో వాటిలో ఒక్కోదాన్ని పట్టు అని, అన్నీ కలిసిన గూడును తుట్టె అని అంటున్నాను. పట్టుకూ పట్టుకూ మధ్య ఈగలు తిరగడానికి వదిలే సందు 6 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ కొలతను అమెరికా తేనెటీగల పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ 1851లో పెట్టె నిర్మాణానికి వాడుకోవడం వల్లే ఈనాడు పెట్టెలో పట్టులను నిలిపే చెక్క చట్రాలను, పట్టులు విరగకుండా పైకి తీయగలుగుతున్నాం. పట్టు పైభాగంలో తేనె ఉంటుంది, దాని మీది మూతలు తెల్లగా, చదునుగా ఉంటాయి. దాని కింద పసుపు, నారింజ, గోధుమ రంగుల్లో పుప్పొడి పట్టీ కనిపిస్తుంది. ఇంకా కిందికి, సాధారణంగా ద్వారానికి దగ్గరగా, పిల్లల గదులు ఉంటాయి. వాటి మూతలు మట్టిరంగులో, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. వెలుతురు పడేలా చూస్తే కొన్ని గదుల అడుగున సన్నని బియ్యపు నూకల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. గుడ్డు మూడు రోజులకు పొదుగుతుంది కాబట్టి, గుడ్డు కనిపించిందంటే గత మూడు రోజుల్లో రాణి అక్కడ తిరిగిందని అర్థం.

కోత తేనె వైపు నుంచి, అంటే పిల్లలకు దూరంగా ఉన్న చివర నుంచి మొదలుపెట్టండి. తేనె నిండిన ముక్కల మీది ఈగలను మెత్తని కుంచెతో దులిపి, ముక్కలను వెంటనే మూతగల బకెట్లో వేసి మూయండి. తెరిచిన తేనె వాసనకు ఇతర తుట్టెల ఈగలు దోపిడీకి వస్తే ఆ రోజు పని చేయి దాటిపోతుంది. గతంలో ఎవరైనా ఆ గోడలోకి పురుగుమందు కొట్టి ఉంటే, ఆ తేనెను మనుషులు తినకూడదు, తిరిగి ఈగలకూ పెట్టకూడదు.

ఇక పిల్లల పట్టు. దాన్ని కోసే ముందే దాని పై అంచు ఏదో గుర్తుపెట్టుకోండి. అగ్గిపుల్లను ఆ అంచులో గుచ్చడం నాకు అలవాటు. గదులు అడ్డంగా నేరుగా ఉండవు, నోటి వైపు కొద్దిగా పైకి వాలి ఉంటాయి కాబట్టి తలకిందులుగా కడితే ఆ వాలు కూడా తిరగబడుతుంది. కోసిన పట్టును చదునైన అట్ట మీద పడుకోబెట్టి, ఖాళీ చట్రాన్ని దాని మీద ఆనించి, చట్రం లోపలి కొలతకు సరిపోయేలా అంచులు కత్తిరించండి. పై అంచు చట్రం పైకర్రకు గట్టిగా తగిలేలా అమర్చి, రెండు మూడు వెడల్పాటి రబ్బరు బ్యాండ్లు వేయండి, లేదా నూలు దారం చుట్టండి. తరువాత అట్టతో సహా నిలబెట్టి, అట్టను తీసేయండి. కొద్ది రోజుల్లో ఈగలు పట్టును కొత్త మైనంతో కర్రకు అతికించుకుని, బ్యాండ్లను కొరికి తెంపి ద్వారం బయట పడేస్తాయి. ఆ రబ్బరు తునకలు పెట్టె ముందు కనిపించిన రోజు, ఈగలు కొత్త ఇంటిని తమదిగా చేసుకున్నాయని నాకు నమ్మకం కుదురుతుంది.

పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల సెల్సియస్ వేడిని నిలబెడతాయి. కాబట్టి కట్టిన చట్రాన్ని ఎండలో వదలకండి, చల్లగాలిలోనూ ఎక్కువసేపు ఉంచకండి. కట్టగానే పెట్టెలో పెట్టండి. గోడలో పిల్లల పట్టులు ఏ వరుసలో ఉన్నాయో పెట్టెలోనూ అదే వరుసలో, వాటి మధ్య వేరే చట్రం రాకుండా, పక్కపక్కనే ఉంచండి.

తేనె నిండిన పట్టులను మాత్రం చట్రాలకు కట్టకండి. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. మొదటిసారి చేసినప్పుడు ఏదీ వృథా కాకూడదని తేనె పట్టులను కూడా కట్టి పెట్టాను. బరువుకు బ్యాండ్లు మైనంలోకి దిగి, రాత్రికల్లా రెండు పట్టులు కూలిపోయాయి. పొద్దున మూత తీస్తే పెట్టె అడుగున తేనెలో మునిగి చనిపోయిన వందలాది ఈగలు, వాటి చుట్టూ చీమల బారులు. గోడలోనే ఉంటే ఆ ఈగలు బతికి ఉండేవి. అందుకే చట్రంలో పిల్లలు, కొద్దిగా పుప్పొడి, అంచుల్లో పల్చగా తేనె తప్ప మరేదీ ఉండకూడదని గట్టిగా చెబుతున్నాను.

కోస్తున్నంతసేపూ రాణి కోసం కళ్లు తెరిచి ఉంచండి. పొడవైన పొట్ట, పొట్ట చివరను చేరని పొట్టి రెక్కలు, వెలుతురు నుంచి తప్పించుకునే నడక ఆమె గుర్తులు. కనిపిస్తే రాణి పంజరంలో పెట్టి, ఆ పంజరాన్ని పిల్లల పట్టుల మధ్య వేలాడదీయండి. ఎపిస్ సెరానా (మన దేశీ తేనెటీగ) జాతి ఈగలు కలత చెందితే పెట్టెను వదిలి లేచిపోయే స్వభావం ఎక్కువగా ఉన్నవి, కనుక వాటి విషయంలో రాణిని రెండు మూడు రోజులు పంజరంలో ఉంచడం మేలు.

రాణి కనిపించకపోయినా నిరాశ పడనక్కరలేదు. గోడ బోలులో మిగిలిన గుంపులను అట్ట ముక్కతో మెల్లగా ఎత్తి పెట్టెలోకి దులుపుతూ, మధ్యమధ్యలో పెట్టె ద్వారాన్ని గమనించండి. కొన్ని కూలి ఈగలు తల లోపలి వైపు పెట్టి, తోక పైకెత్తి, పొట్ట చివరన ఉన్న లేత రంగు గ్రంథిని తెరిచి, రెక్కలు కదలకుండా ఉన్నట్టు కనిపించేంత వేగంగా ఆడిస్తూ నిలబడితే, అవి తమవాళ్లను లోపలికి పిలుస్తున్నాయని అర్థం. దగ్గరికి వెళితే నిమ్మగడ్డి వంటి వాసన కూడా తెలుస్తుంది. అప్పటిదాకా గోడకు అంటుకుని ఉన్న ఈగలు బారులు తీరి పెట్టెలోకి నడవడం మొదలైతే, రాణి లోపలే ఉందని చాలావరకు నమ్మవచ్చు. అదే ఈగలు పెట్టెలోంచి గోడ వైపు తిరిగి నడుస్తుంటే, రాణి ఇంకా గోడలోనే ఏదో మూలలో ఉంది. ఆ మూలను వెతకండి.

పని అయ్యాక పెట్టెను దాని ద్వారం పాత ద్వారానికి దగ్గరగా ఉండేలా నిలిపి, చీకటి పడేవరకు కదపకండి. మేత నుంచి తిరిగివచ్చే ఈగలకు పాత చోటే గుర్తుంటుంది. అవి అక్కడికి వచ్చి, పిల్లల వాసన పట్టుకుని పెట్టెలో చేరతాయి. బాగా చీకటి పడ్డాక ద్వారాన్ని గాలి ఆడే జాలీతో మూసి, కనీసం ఐదు కిలోమీటర్ల దూరానికి తీసుకువెళ్లండి. అంతకన్నా దగ్గర పెడితే మరునాడు మేతకు వెళ్లిన ఈగలు పాత గోడ దగ్గరికే తిరిగి వస్తాయి.

అభ్యాసం: గోడ జోలికి వెళ్లకముందే మూడు సెంటీమీటర్ల మందం గల స్పాంజి ముక్కను పట్టు అనుకోండి. చేతి తొడుగులు వేసుకుని, పై అంచున పుల్ల గుచ్చి, చట్రం కొలతకు కోసి, బ్యాండ్లు వేసి నిలబెట్టండి. రెండు నిమిషాల్లోపు, స్పాంజి నలగకుండా, పై అంచు మారకుండా వరుసగా ఐదుసార్లు చేయగలిగినప్పుడు మీ చేయి సిద్ధమైనట్టు. ఖాళీ అయిన బోలులో మైనపు వాసన మిగిలి ఉండగా గోడ మూస్తే మరో గుంపు అక్కడికే వచ్చి చేరుతుంది కనుక, గోకడం, కడగడం, నింపడం అనే మూడు పనులను ఐదో పాఠంలో చేద్దాం. అప్పటివరకు గోడను సన్నని జాలీతో కప్పి ఉంచండి.