రాయి తిప్పితే రంగు మారుతోందా? ముందు ఇవి చూడండి

సమస్య: నీలంగా ఉన్న రాయి కాస్త పక్కకి తిప్పగానే వెలిసిపోయినట్టు, ఒక్కోసారి పసుపుగా కూడా కనిపిస్తోంది.

కారణం: నకిలీదేమోనని టెన్షన్ పడకండి, చాలావరకు ఇది ప్లియోక్రోయిజం, అంటే చూసే దిక్కుని బట్టి రంగు మారే గుణం. ఇలాంటి స్ఫటికాల్లో అణువుల అమరిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు, అందుకే కాంతి తరంగం ఏ దిశలో ఊగుతోందన్నదాన్ని బట్టి రాయి పీల్చుకునే రంగులు మారతాయి, పీల్చుకోగా మిగిలిందే మన కంటికి చేరుతుంది. ఐయోలైట్ అనే నీలి రాయి దీనికి పెట్టింది పేరు: ఒకవైపు ఊదా కలిసిన నీలం, ఇంకోవైపు లేత నీలం, మూడోవైపు నీళ్లలాంటి పసుపు.

ఏం చేయాలి: దీపం కదపకుండా రాయిని తిప్పండి. తర్వాత రాయి కదపకుండా వేరే రకం దీపం పెట్టి చూడండి. దీపం మార్చినప్పుడు రంగు మారితే అది అలెగ్జాండ్రైట్‌ లాంటి వాటి కథ, వేరే సంగతి (దానికి ఈ రెండు గుణాలూ ఉన్నాయి, అదో తలనొప్పి).

సమస్య: డైక్రోస్కోప్‌లో (రాయిలోంచి వచ్చే కాంతిని రెండుగా విడదీసి పక్కపక్క గడుల్లో చూపే చిన్న పరికరం) రెండు గడులూ ఒకే రంగులో ఉన్నాయి.

కారణం: వజ్రం, గోమేదికం, స్పినెల్ (కెంపులా కనిపించే ఇంకో రత్నం), గాజు అయితే ఎంత తిప్పినా అంతే, వాటికి ఈ గుణం లేదు. కానీ కెంపులో కూడా ఆప్టిక్ అక్షం (కాంతి రెండుగా విడిపోని దిక్కు) వెంబడి చూస్తే తేడా కనిపించదు, ఒక్క వైపు చూసి స్పినెల్ అని తేల్చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఏం చేయాలి: కనీసం మూడు వైపుల నుంచి చూడండి. ఊదా ఎరుపు, నారింజ ఎరుపు విడిగా కనిపిస్తే అది స్పినెల్ కాదు. అలాగని సహజమైన కెంపేనని సంబరపడొద్దు, ల్యాబ్‌లో పెంచిన కెంపూ అచ్చం ఇలాగే చూపిస్తుంది. వెలుగు కోసం ల్యాప్‌టాప్ స్క్రీన్ మాత్రం వాడకండి, ఎల్‌సీడీ కాంతి ముందే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో ఊగుతూ ఉంటుంది కాబట్టి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

సమస్య: అసలు డైక్రోస్కోపే లేదు.

ఏం చేయాలి: ఇప్పుడు వద్దన్న ఆ స్క్రీనే పనికొస్తుంది, దాని కాంతి ఒకే దిశలో ఊగడమే ఇక్కడ కావాల్సింది! తెల్లటి పేజీ తెరిచి, రాయిని దాని ముందు పట్టుకుని గడియారం ముల్లులా తిప్పండి. రంగు గట్టిగా మారే రాళ్లలో కంటికే తెలిసిపోతుంది.

సమస్య: ముడిరాయిగా అందంగా ఉన్న టూర్మలిన్ అనే రత్నం కోయించాక నల్లగా కనిపిస్తోంది.

కారణం: చాలా టూర్మలిన్‌లు పొడవు వెంబడి చూస్తే బాగా ముదురుగా ఉంటాయి, పైముఖం ఆ దిక్కుకి పెట్టి కోసేశారు.

ఏం చేయాలి: మళ్లీ కోయించడమే, బరువు పోతుంది. కోయకముందే అన్ని వైపులా చూసి, పైముఖం ఎటు రావాలో గుర్తు పెట్టి ఇవ్వాల్సింది.