ఫెస్‌లో రియాద్ బుక్ చేసే ముందు
మొరాకోలో ఫెస్ వెళ్తున్నవాళ్లు బస కొత్త ఊళ్లో కాదు, మదీనా అనే పాత ఊళ్లోనే ఏదైనా రియాద్‌లో పెట్టుకోండి. రియాద్ అంటే మన మండువా ఇల్లు లాంటిదే, మధ్యలో లోగిలి, చుట్టూ గదులు. కిటికీలు ఎక్కువగా లోగిలి వైపే ఉంటాయి కాబట్టి కింది గదుల్లో వెలుతురు తక్కువ, టిఫిన్ల దగ్గర మాటలన్నీ వినిపిస్తాయి. పై అంతస్తు గది అడగండి, కాకపోతే చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లు వెంట ఉంటే ఆలోచించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మదీనా సందుల్లోకి కార్లు రావు. ఏ గేటు దగ్గర దిగాలో, అక్కడి నుంచి ఎంత నడకో ముందే మెసేజ్ పెట్టి కనుక్కుని, తోపుడు బండితో మనిషిని పంపమనండి, రాత్రిపూట చేరేటట్టయితే మరీనూ.

బాబ్ బూ జెలూద్ గేటు దగ్గర దిగితే బూ ఇనానియా మదరసా పక్కనే. 14వ శతాబ్దపు దేవదారు చెక్కడాలు, గోడల కింది భాగమంతా రంగు పలకలు, జనం రాకముందే పొద్దున్నే వెళ్లి తీరిగ్గా చూడండి, నాకైతే ఊరు మొత్తంలో అదే ఇష్టం. 859లో మొదలైన కరావియ్యీన్ మసీదులోకి ముస్లిమేతరులను రానివ్వరు, గుమ్మం నుంచే చూడాలి. శుక్రవారం చాలా కొట్లు మూసేస్తారు, షాపింగ్ ఇంకో రోజు పెట్టుకోండి. సందులో వెనక నుంచి "బాలక్" అని కేక వినిపిస్తే వెంటనే గోడకు ఆనుకోండి, బరువుతో కంచరగాడిద వస్తోందన్నమాట.