నడుం కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవాలంటే ముందు ఎముకను పట్టాలి

నాట్ల పని ముగిశాక నడుం పట్టేసిందని వచ్చేవాళ్లకు ఎక్స్‌రే తీస్తే ఎముక కనిపిస్తుంది గానీ కండరం కనిపించదు. వెన్నుపూసలను అంటిపెట్టుకుని లోపలగా ఉండే మల్టిఫిడస్ కండరం మందం ఎంత, బిగించినప్పుడు ఎంత ఉబ్బుతోంది అనేది అల్ట్రాసౌండ్‌ (స్కానింగ్)తో తెలుసుకోవచ్చు. నడుం నొప్పి కొత్తగా మొదలైనవాళ్లలో నొప్పి ఉన్న వైపే ఈ కండరం చిక్కిపోయి ఉంటుందని పరిశోధకురాలు జూలీ హైడ్స్ బృందం 1994లో చూపించింది కూడా అల్ట్రాసౌండ్‌తోనే.

నల్గొండలోనో పాలమూరులోనో ఫిజియోథెరపీ గది నడుపుతూ, ఒక చిన్న యంత్రం కొనుక్కుందామని ఆలోచించేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం నడుం కోసమే వాడే యంత్రానికి కూడా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్న స్కానింగ్ సెంటర్‌లో, అర్హత గల డాక్టరుతో కలిసి చేయడమే క్షేమం.

ఒంటి మీద ఆనించే ప్రోబ్ వంపుది కావాలి, 5 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. బక్కమనిషికి డెప్త్, అంటే బొమ్మలో కనిపించే లోతు, 6 సెంటీమీటర్లు సరిపోతుంది, లావుగా ఉంటే 8 దాకా పెంచాలి. మెడ, థైరాయిడ్ చూసే తిన్నని ప్రోబ్‌తో లోపలి ఎముక మసకబారుతుంది, పైగా పక్కపక్క కీళ్లు ఒకే బొమ్మలో పట్టవు. డెప్త్, గెయిన్ (బొమ్మ వెలుగు), ఫోకస్ (బొమ్మ స్పష్టంగా ఉండే లోతు) అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. మళ్లీ వచ్చినప్పుడు అవే పెట్టకపోతే రెండు కొలతలకూ పొంతన ఉండదు.

మనిషిని బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టండి. నడుం వంపు 10 డిగ్రీల లోపుకు రావాలి. ఫోన్‌లోని కోణం కొలిచే యాప్‌ను త్రికాస్థికి (వెన్ను అడుగున, పిరుదుల మధ్య ఉండే ఎముకకు) కాస్త పైన ఆనించి చూడొచ్చు. తల ఒక పక్కకు తిప్పనివ్వకుండా, మడిచిన తువ్వాలు మీద నుదురు ఆనించాలి. పండుకోగానే కొలవద్దు. "పెద్దమ్మా, నడుము వదులుగ పెట్టు, దమ్ము బిగవట్టకు" అని చెప్పి రెండు నిమిషాలు ఆగండి.

అసలు కష్టమంతా సరైన చోటు పట్టడంలోనే ఉంది. ప్రోబ్‌ను వెన్ను పొడవునా, నట్టనడుమ, త్రికాస్థి మీద పెట్టండి. అక్కడి నుంచి నొప్పి ఉన్న వైపు 2 సెంటీమీటర్లు జరిపి, ప్రోబ్‌ను కొద్దిగా లోపలికి వాల్చండి. త్రికాస్థి ఒకే తెల్లని గీతలా కనిపిస్తుంది. ఆ గీత తెగి, తలవైపు మొదట వచ్చే గుట్ట ఎల్5–ఎస్1 ఫేసెట్ కీలు, అంటే ఐదో నడుం పూస వెనక వైపు త్రికాస్థితో కలిసే కీలు. దాని పై గుట్ట ఎల్4–5, అంటే నాలుగు, ఐదు నడుం పూసల మధ్యది. ఫేసెట్ కీళ్లు ఒకదానికొకటి ఆనుకున్న చిన్న గుట్టల్లా ఉంటాయి. అలా కాకుండా త్రిశూలం పళ్లలాగా విడివిడి నీడలు కనిపిస్తే మీరు బయటికి జారి, పూసల పక్కలకు పొడుచుకొచ్చిన ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌ల మీద ఉన్నట్టు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అక్కడ కొలిస్తే అంకె వస్తుంది గానీ అది వేరే కండరాలది.

బొమ్మను ఫ్రీజ్ చేసి, గుట్ట కొస మీద ఒక కాలిపర్ (తెర మీది కొలత గుర్తు) పెట్టండి. రెండోది కండరం పైన ఉండే తెల్లని పొర లోపలి అంచు మీద పెట్టాలి. ఆ పొర పైనున్నది కొవ్వు, దాన్ని కలపొద్దు. ప్రోబ్ ఎత్తేసి, మళ్లీ పెట్టి, మొత్తం మూడు బొమ్మలు తీసి సగటు వేయండి. ఒక్క బొమ్మ కొలత నమ్మదగ్గది కాదు.

చేతి బరువు ఇంకో శత్రువు. గట్టిగా నొక్కితే కండరం అణిగి పలచబడుతుంది. జెల్ ధారాళంగా వేసి, అంచున జెల్ నల్లని పొరగా కనిపించేదాకా ప్రోబ్‌ను తేల్చి, ఆ మాత్రం తాకుడులోనే ఆపండి.

బిగింపు చూడటానికి, ప్రోబ్ పెట్టిన వైపుది కాకుండా రెండో వైపు చెయ్యి వాడతాం. భుజం 120 డిగ్రీలు చాచి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, చేతిలో చిన్న బరువుతో 5 సెంటీమీటర్లు లేపించాలి. నీళ్ల సీసా అయినా ఫరవాలేదు, ప్రతిసారీ తూకం అదే ఉండాలి. ఉదాహరణకు మందం విశ్రాంతిలో 2.80, లేపినప్పుడు 3.22 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. తేడా 0.42ను 2.80తో భాగిస్తే కండరం 15 శాతం ఉబ్బినట్టు. చెయ్యి లేపినప్పుడు మొండెం కూడా తిరిగితే ప్రోబ్ చోటు తప్పుతుంది. కింద గుట్టలు కదలకుండా ఉన్నాయో లేదో చూసి, కదిలితే ఆ బొమ్మ తీసిపారేయండి.

కండరం అడ్డకోత విస్తీర్ణం కావాలంటే ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి, స్పైనస్ ప్రాసెస్ (పూస వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లు), లామినా (కండరం కింద ఉండే పూస పలక), పక్క కండరంతో ఉన్న సరిహద్దు, పై పొర – ఈ నాలుగు అంచుల వెంబడి గీత గీయాలి. ఒకవైపు 7.5, మరోవైపు 6.6 చదరపు సెంటీమీటర్లు ఉంటే తేడా 12 శాతం. ఆరోగ్యవంతుల్లో ఈ తేడా సాధారణంగా 10 శాతం లోపే ఉంటుంది. అలాగని 12 చూడగానే జబ్బు అని రాసేయకండి, ముందు మళ్లీ కొలవండి. కండరంలో కొవ్వు చేరిన పెద్ద వయసువాళ్లలో పక్క సరిహద్దు మసకగా ఉంటుంది. అక్కడ విస్తీర్ణం కన్నా మందమే నయం.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో నడుం బిగుసుకుపోయిన ముసలివాళ్లు బోర్లా పండలేరు. ఎముకలను కట్టిపట్టే లిగమెంట్లు గట్టిపడ్డచోట తెల్లని గీత, దాని కింద నీడ పడి, గుట్ట ఏదో పోల్చుకోవడం కష్టమవుతుంది. బలవంతం చేయకుండా పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి కొలవండి. కాగితం మీద "పక్కకు పడుకోబెట్టి" అని రాయండి. ఆ అంకెను బోర్లా తీసినదానితో పోల్చకూడదు, మళ్లీసారి కూడా పక్కకు పడుకోబెట్టే తీయాలి.